ఈ రోజు స్టార్ ఎవరు?

మా వదిన వంటగదికి వెబ్‌సైట్ వచ్చిన వారం నుంచే ఆవిడ ఫోన్ మోగడం తగ్గిపోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేనన్నాను. అది ‘ట్రాన్సిషన్ పీరియడ్’ అని గ్రోత్ బ్రదర్ అన్నాడు. ఆయన ల్యాప్‌టాప్‌లో రంగురంగుల గ్రాఫులున్నాయి, నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. అందుకని ఆయన మాటే నెగ్గింది.

వదినంటే మా ఆయన అక్క. కాకినాడ మనిషి. ఇక్కడ చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఒక బిల్లింగ్ ఆఫీసులో ఏళ్ళ తరబడి పనిచేసి, విరక్తి పుట్టి, ఒక స్ట్రిప్ మాల్‌లో డ్రైక్లీనింగ్ షాపు పక్కన వంటగది అద్దెకు తీసుకుని కేటరింగ్ పెట్టింది. గ్రోత్ బ్రదర్ మా తెలుగు చర్చి మనిషి. మా చర్చిలో మగవాళ్ళందరూ బ్రదర్లు, ఆడవాళ్ళందరూ సిస్టర్లు, కాస్త జుట్టు నెరిస్తే అంకుల్, ఆంటీ. అసలు పేర్లు పాస్‌పోర్టుల్లో భద్రంగా ఉంటాయి. ఈయన రెండో మాటకల్లా ‘గ్రోత్’ అంటాడు కాబట్టి గ్రోత్ బ్రదర్‌గా స్థిరపడిపోయాడు. చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్ మార్కెటింగ్ చేసిపెట్టడం ఆయన వృత్తి. ప్రార్థనలో కూడా కళ్ళు మూసుకుని కొత్త ట్రెండ్ గురించే ఆలోచిస్తాడని నా అనుమానం.

ఇక నేను. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో యూజబిలిటీ టెస్టర్ని. వెబ్‌సైట్ వాడేటప్పుడు జనం ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని చూసి, రాసివ్వడం నా పని. అది చదివి ‘గ్రేట్ ఇన్‌సైట్స్’ అనడం మా మేనేజర్ పని. ఆ తర్వాత వాళ్ళు ముందే అనుకున్నది చేసేస్తారు. కాబట్టి నా మాట ఎవరూ వినకపోవడం నాకు కొత్తేమీ కాదు, జీతం లేకుండా ఆ అనుభవం దక్కడమే కొత్త.

వెబ్‌సైట్ రాకముందు వదిన వ్యాపారమంతా ఫోన్ మీద, ఒక వాట్సాప్ గ్రూపు మీద నడిచేది. మనవాళ్ళు ఆర్డరివ్వడం ఒక ప్రత్యేకమైన కళ. “ఎంతమంది వస్తారండీ?” అంటే సూటిగా చెప్పిన మనిషిని నేను చూడలేదు. “ఓ ముప్ఫై అనుకోండి సిస్టర్, సింపుల్‌గానే” అంటారు. వదిన పిల్లల చదువుల గురించి అడుగుతుంది. ఆష్‌బర్న్ నుంచి మరిది వాళ్ళొస్తున్నారా అని అడుగుతుంది. వస్తున్నారంటే, వాళ్ళతో వాళ్ళ స్నేహితులూ వస్తారు కాబట్టి, యాభై మందికి వండుతుంది. ఎప్పుడూ తక్కువ పడలేదు. ఫోన్‌లో గొంతు బరువుగా వినిపిస్తే ముందు ఆ సంగతే కనుక్కునేది. ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆర్డర్ కోసం ఆగేది కాదు. తనే ఫోన్ చేసి, “భోజనాల సంగతి మీరు పెట్టుకోకండమ్మా, నేను చూసుకుంటా” అనేది. పోయినవాళ్ళ జ్ఞాపకంగా జరిగే ఆదరణ కూడికకు భోజనం వెళ్ళిపోయేది.

అలాగని వదిన అమాయకురాలు కాదు. ఆవిడకి తెలుగువాళ్ళు ఎక్కువున్న ఆష్‌బర్న్‌లో ఒక బ్రాంచీ, శాంటా క్లారాలో ఇంకొకటి పెట్టాలని ఉంది. ఆశ ఉన్నచోటికి కన్సల్టెంట్ రావడానికి ఎంతసేపు? ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, గ్రోత్ బ్రదర్ కాఫీ కప్పుతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఫోన్ నంబర్ అంటే ఫ్రిక్షన్ సిస్టర్. ఈ రోజుల్లో ఎవరూ మాట్లాడాలనుకోవట్లేదు. ఫస్ట్ ఆ వాట్సాప్ గ్రూప్ క్లోజ్ చేసేయండి. ట్రాఫిక్ మొత్తం సైట్‌కి రూట్ చేద్దాం.”

“మరి ముసలివాళ్ళు?” అన్నాను నేను.

“ఆ సెగ్మెంట్ స్కేల్ అవ్వదు సిస్టర్,” అన్నాడాయన, నా మీద జాలిపడుతూ.

సైట్ తయారైంది. తెరవగానే కుకీలకు ఒప్పుకోమంటుంది. ఒప్పుకున్నాక ఒక రంగుల చక్రం వచ్చి, తిప్పమంటుంది. చక్రం ఆగేలోపల మూలనుంచి ఒక బొమ్మ లేచి “హాయ్ ఫుడీ!” అని చెయ్యూపుతుంది. వెళ్ళిపోదామని చూస్తే, “వద్దులెండి, నాకు చప్పిడి తిండే ఇష్టం” అనే బటన్ నొక్కితే గానీ వదలదు. గోంగూర మటన్ కింద ‘మీ ఏరియాలో ఇంకా చాలామంది ఇదే చూస్తున్నారు’ అని ఎర్రగా మెరుస్తుంటుంది. సైట్ గురించి ఇంకా ఎవరికీ చెప్పకముందు, నేనొక్కదాన్నే చూస్తున్నప్పుడూ అలాగే మెరిసింది. ఫోన్ నంబర్ ఎక్కడా లేదు.

ఆర్డర్ ఇవ్వాలంటే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలి. ‘ఏం సెలబ్రేట్ చేసుకుంటున్నారు?’ అన్నది మొదటిది. పుట్టినరోజు, సీమంతం, గృహప్రవేశం, గ్రాడ్యుయేషన్, ఇతర సెలబ్రేషన్. అంతే, ఇంకేదీ లేదు. రెండోది ‘ఈ రోజు స్టార్ ఎవరు?’ అక్కడ పూర్తి పేరు రాయాలి. ఆర్డర్ పూర్తవగానే స్క్రీన్ నిండా రంగు కాగితాలు రాలతాయి, వంటగదిలో ప్రింటర్ ఆ పేరుతో స్టిక్కర్లు కొడుతుంది, పనివాళ్ళు వాటిని ట్రేల మూతల మీద అంటిస్తారు. దీని పేరు పర్సనలైజేషన్ అట. ఆర్డర్ ఇచ్చినవాళ్ళ పేరు, అడ్రస్ మాత్రం వంటగదికి కనిపించవు, నేరుగా డ్రైవర్ ఫోన్‌కి పోతాయి. అదీ ట్రెండేనట. మనిషిని దాచిపెట్టి పేరుతో పిలవడం పర్సనల్ ఎలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఊరుకోలేక ఒక టెస్ట్ పెట్టాను. చర్చిలో ఒక అంకుల్‌ని వదిన వంటగదిలో కూర్చోబెట్టి, ట్యాబ్లెట్ చేతికిచ్చి, “అంకుల్, గోంగూర మటన్ ఆర్డర్ చేయండి,” అన్నాను. ఆయన చక్రం తిప్పారు. ఫ్రీ మ్యాంగో లస్సీ గెలిచారు. మురిసిపోయి మళ్ళీ తిప్పారు. బొమ్మ హాయ్ అంటే ఈయన “నమస్తే బాబూ” అన్నారు. చాలాసేపు తంటాలు పడి, చివరికి తలెత్తి, నాలుగడుగుల దూరంలో కూరలు తరుగుతున్న వదినతో, “అమ్మా, కాస్త గోంగూర మటన్ పంపిస్తావూ?” అన్నారు.

నేను విజయగర్వంతో చూశాను. గ్రోత్ బ్రదర్ నాకంటే ఆనందంగా ఉన్నాడు. “చూశారా సిస్టర్, అంకుల్ ఎంతసేపున్నారో! టైమ్ ఆన్ సైట్ సూపర్.”

వదిన నావైపు తిరిగి, “కందకు లేని దురద కత్తిపీటకెందుకే నీకు?” అంది.  నాకు నిజంగా ఒళ్ళు మండింది.

కంద సంగతి కూడా అంత బాగా లేదని తర్వాత తెలిసింది. వేసవికి వంటగది లీజు అయిపోతుంది. ఉంచుకుంటారో లేదో త్వరగా చెప్పమని ఓనర్ అడుగుతున్నాడు. ఆర్డర్లు ఇలాగే ఉంటే వదిలేసి, మళ్ళీ ఆ బిల్లింగ్ ఆఫీసుకే వెళ్ళాలి. ఆ మాటెత్తితే చాలు, వదిన మొహం వాడిపోయేది. నెలనెలా గ్రోత్ బ్రదర్ వచ్చి పైకెక్కే గీతలు చూపించేవాడు. ఖాళీ పొయ్యిల పక్కన కూర్చుని వదిన ఆ గీతల్ని చూసి తలూపేది.

అలాంటప్పుడు సండే స్కూల్ ఆంటీ పోయారు. మా చర్చిలో పిల్లలందరికీ తెలుగులో పాటలు నేర్పింది ఆవిడే, వదిన పిల్లలకు కూడా. ఆవిడకి ఒక్కతే కూతురు, ఇక్కడే పుట్టింది, రోజూ రైల్లో చికాగో వెళ్ళి ఉద్యోగం చేసుకుంటుంది. కబురు తెలియగానే వదిన ఫోన్ చేతిలోకి తీసుకుంది. అప్పుడు గ్రోత్ బ్రదర్ అక్కడే ఉన్నాడు.

“మీరే కాల్ చేస్తే బ్రాండ్ వ్యాల్యూ పడిపోతుంది సిస్టర్. నీడ్ ఉన్నవాళ్ళు సైట్ ఫన్నెల్‌లోకి వాళ్ళే వస్తారు.”

వదిన ఫోన్ పక్కన పెట్టేసింది. అది ఆవిడ చేసిన పనుల్లోకెల్లా తెలివితక్కువ పని అని ఎదురుగానే అన్నాను. రెండు రోజులు చూసింది. ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. “వేరేవాళ్ళకి ఇచ్చినట్టున్నారు లేవే. ఇన్నేళ్ళు తిని, నాకొక్క మాట చెప్పలేదు,” అని చిన్నబుచ్చుకుంది. కూడిక జరిగే శనివారానికి సైట్ నుంచి వచ్చింది ఒకే ఒక్క పెద్ద ఆర్డర్. ఇతర సెలబ్రేషన్. ఎవరిదో పాస్‌పోర్టులో ఉండేలాంటి పొడుగాటి పేరు. వదిన దానికి పులావు, కోడికూర, గుత్తి వంకాయ, పెరుగన్నం వండించి, ట్రేలు సర్దడం పనివాళ్ళకు అప్పజెప్పి, తెల్లచీర కట్టుకుని నాతో ఆదరణ కూడికకు బయల్దేరింది.

కూడిక ఆ అమ్మాయి ఉండే కాలనీ క్లబ్‌హౌస్‌లో. పాస్టర్ అయ్యగారు ప్రార్థన ముగించారు. వెనక తలుపు తెరుచుకుని వదిన డ్రైవర్ ట్రేలు తోసుకుంటూ వచ్చాడు. వదిన ముందు అతన్ని గుర్తుపట్టింది, తర్వాత ట్రేల్ని. మూతలన్నిటి మీదా బెలూన్ల బొమ్మ, కింద పెద్దక్షరాలతో ఆంటీ అసలు పేరు, ఆ పక్కనే ‘కంగ్రాచ్యులేషన్స్! ఈ రోజు స్టార్ మీరే!’

అది ఆంటీ పేరని ఆ రోజుదాకా మాకెవరికీ తెలియదు. వాకిట్లో పెట్టిన ఫొటో కింద అదే పేరు చూసి వచ్చాం కాబట్టి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆవిడ మాకందరికీ ఆంటీయే.

వదినా నేనూ పరుగెత్తి గోళ్ళతో స్టిక్కర్లు గీకడం మొదలుపెట్టాం. గమ్ము మంచిరకం, పట్టుకుంటే వదలదు. ఆ సైట్‌తో వచ్చినవాటిలో సరిగ్గా పనిచేసింది అదొక్కటే. ఈలోగా ప్లేట్లు పట్టుకుని జనం వచ్చేశారు, చదివేశారు. ఒకావిడ పమిట నోటికడ్డం పెట్టుకుంది. ఆంటీ కూతురు వచ్చి, ఒక మూత చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“పేరు ఫుల్‌గా వేశారు ఆంటీ,” అంది వదినతో. 

వదినకి అది చెంపదెబ్బ. కారులో ఇల్లు చేరేదాకా ఏడ్చింది. ఇంక ఊళ్ళో తన చేతి అన్నం ఎవరూ ముట్టరంది. నాకూ అలాగే అనిపించింది, కాకపోతే పైకి అనలేదు. అనుకున్నట్టే తర్వాతి వారాల్లో ఆ ఉన్న కాస్త ఆర్డర్లూ ఆగిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

నెలాఖరుకు గ్రోత్ బ్రదర్ మామూలుగానే గ్రాఫులతో వచ్చాడు. ఆ స్టిక్కర్ల సంగతి ‘ఎడ్జ్ కేస్’ అన్నాడు, అంటే ఎప్పుడో అరుదుగా జరిగేదట. చనిపోవడం ఎడ్జ్ కేస్ ఎలా అవుతుంది, అందరికీ జరిగేదే కదా అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఎందుకంటే ఒక శుభవార్త తెచ్చాడు.

“ఒక కస్టమర్ సూపర్ ఎంగేజ్‌డ్ సిస్టర్. మన ఆటోమేటిక్ మెయిల్స్ వెళ్తాయి కదా, ప్రతిదీ ఓపెన్ చేస్తున్నారు. ఒకే మెయిల్ మళ్ళీ మళ్ళీ ఓపెన్ చేస్తున్నారు. చాలా హాట్ లీడ్, మళ్ళీ ఆర్డర్ ఇవ్వడం గ్యారంటీ.”

“ఎవరు?” అంది వదిన.

ఆయన ల్యాప్‌టాప్ తిప్పాడు. ఆంటీ కూతురు. మెయిళ్ళ పైన అన్నిటికీ ఒకటే రకం శీర్షిక, మొదట ఆంటీ పూర్తి పేరు, పక్కన ‘ని మళ్ళీ ఎప్పుడు సెలబ్రేట్ చేద్దాం?’ అని.

వదిన ల్యాప్‌టాప్ మూసేసింది. ఆయన ముందే, బ్రాండ్ వ్యాల్యూ ఏమైపోతే నాకేంటన్నట్టు, ఆ అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

“తప్పయిపోయిందమ్మా. ఆ మెయిల్స్ వస్తున్నట్టు నాకు తెలీదు. ఇప్పుడే స్టాప్ చేయించేస్తా.”

 అవతల నుంచి ఆ అమ్మాయి, తన అమెరికన్ యాసలో, మెల్లగా అంది: “స్టాప్ చేయొద్దు ఆంటీ, ప్లీజ్. అందులో అమ్మ నేమ్ వస్తుంది కదా. అందరు ఆంటీ ఆంటీ అంటారు. బ్యాంక్, ఇన్సూరెన్స్ అన్నీ క్లోజ్ చేశాను. అమ్మ నేమ్ ఇంక ఎక్కడా రావట్లేదు.”

నేను గోడవైపు తిరిగాను. గ్రోత్ బ్రదర్ మూసిన ల్యాప్‌టాప్‌ని మెల్లగా బ్యాగులో పెట్టేసుకున్నాడు.

వదిన ఆంటీ పొడుగాటి పేరుని ఇంటిపేరుతో సహా పూర్తిగా పలికింది. “ఆవిడ మా పెద్దాడికి మొట్టమొదట నేర్పిన పాట ఏదో తెలుసా నీకు?” అని మొదలుపెట్టింది. పొయ్యి మీద చారు పొంగిపోతుంటే నేనే వెళ్ళి కట్టేశాను. చివర్లో, “శనివారం శనివారం నేను ఫోన్ చేస్తా. నువ్వు తిన్నావో లేదో చెప్పాలి,” అంది.

ఆ వారమే సైట్‌లో చక్రం, బొమ్మ, రాలే కాగితాలు అన్నీ పోయాయి. ఇప్పుడది ఒకటే పేజీ: వంటల పేర్లు, పైన పెద్ద అంకెల్లో ఫోన్ నంబర్. పెట్టించింది నేనే. ఆ అమ్మాయికి వెళ్ళే మెయిళ్ళు మాత్రం ఆపించలేదు, వదిన శనివారం ఫోన్లూ మానలేదు. అందరికంటే ముందు ఫోన్ చేసింది ఆ అంకుల్, గోంగూర మటన్ కోసం. మిగతావాళ్ళు నెమ్మదిగా వచ్చారు. వేసవిలో వదిన లీజు మీద సంతకం పెట్టింది. శాంటా క్లారా ఆశ మాత్రం ఇంకా చావలేదు.

గ్రోత్ బ్రదర్ పోతూ పోతూ ఆఖరి రిపోర్ట్ పంపాడు. అందులో ఒక గీత నిట్టనిలువునా కిందికి పడిపోయింది. దాని పక్కన ఎర్రగా రాశాడు: బెస్ట్ లీడ్ మెయిల్స్ ఓపెన్ చేయడం మానేసింది, కారణం తెలియదు.