రాలిపోయిన ‘అంట’

శేరిగూడలో మా కాలేజీ ల్యాబులో ఆ మధ్యాహ్నం ఉన్నవి: రాగి వైరు మాయమైన ఖాళీ రీలు, వాచ్‌మన్‌ను పనిలోంచి తీసేయమని నేను టైపు చేసిన కాగితం. ఉన్నవాళ్లు: ల్యాబులో ప్రయోగాలు చేయించే నేను, నా సీనియర్, స్టోర్ చూసుకునే అక్క.

ఎవరైనా మాట చివర ‘అంట’ తగిలిస్తే అక్క ఒక వేలు మడిచేది. ఎంత వాదన జరిగినా ఆమె చేసేది అంతే. గొంతు పెంచేది కాదు.

“వాచ్‌మనే వైరు ఎత్తుకపోయిండక్కా,” అన్నాను. ఆమె వేలు మడవలేదు.

“నువ్వు చూసినవా తమ్మీ?”

“లేదు. అన్న చెప్పిండు.”

సీనియర్ తలెత్తాడు. “నేను ‘ఎత్తుకపోయిండంట’ అని చెప్పిన. ‘అంట’ నువ్వే మింగినవ్.”

అక్క ఒక వేలు మడిచింది. “మరి నీకెవరు చెప్పిన్రు?”

“క్యాంటీన్‌ల అనుకుంటున్నరు. సంచి పట్టుకపోయిండంట.”

రెండో వేలు మడిచింది. “సంచిల ఏముండె?”

“గదెవరికెరుక?”

రీడింగులో దశాంశం జారితే విద్యార్థుల చేత ప్రయోగం మళ్లీ చేయించేవాణ్ణి. ఇక్కడ రెండక్షరాలు జారవిడిచి ఒక మనిషి పని ఊడగొట్టబోయాను.

అక్క కాగితం చింపలేదు. కింద ‘చూసినోళ్లు’ అని రాసి పెన్ను నాకిచ్చింది. ఆ మాట పక్కన నింపాను: సున్నా.