కాల్షియం బిళ్లకు పథ్యం

నా చిన్నప్పుడు కంకిపాడులో మాది ఉమ్మడి కుటుంబం. పెదనాన్నది చేపల బేరం. లారీ కదిలాకే ఆయన భోజనం, ఆయన లేచాకే పెద్దమ్మ భోజనం. ముళ్లున్న కంచంలోనే ఆయన చెయ్యి కడుక్కునేవారు. ఆ పులుసు నీళ్లు నేనిప్పటికీ మర్చిపోలేదు. ఆ కంచం ఎత్తి కడిగేసరికి పెద్దమ్మకు అన్నం సహించేది కాదు. టీ తాగి ఊరుకునేది.

ఆ ఏడు ఆమెకు ఉన్నట్టుండి మొహమంతా ఎర్రబడి, ఒళ్లు చెమటతో తడిసిపోయేది. నిద్ర ఉండేది కాదు. చిన్నదానికే కళ్లనీళ్లు పెట్టుకునేది. నెలసరి ఆగిపోయే వయసు అది. మా ఇంట్లో మాత్రం వేడి చేసిందన్నారు. నానమ్మ ఆమెకు చేప, గుడ్డు మాన్పించింది. అందరికీ చేపలు వేయించి, పెద్దమ్మ మాత్రం మజ్జిగన్నం తినాలి. కాసేపు నడుం వాలుస్తానంటే నానమ్మ నవ్వేది.

"మాకు ఆగలేదటే? మేమెవరమూ మంచమెక్కలేదే!"

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మూకుడు ముందే కళ్లు తిరిగి కూలబడింది. పెదనాన్న పరుగున వచ్చి, "కూర మాడిందా?" అన్నారు. ముందుగా ఆయన నోట వచ్చిన మాట అదే.

పక్కింటి అక్క నర్సు. పెద్దమ్మను తనే ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, ఇది వయసుతో వచ్చే మార్పేనని చెప్పి, కాల్షియం బిళ్లలు రాశారు. తిరిగొచ్చాక అక్క ఆ బిళ్లల్ని నానమ్మ ముందు పెట్టి, మొహం గంభీరంగా పెట్టింది.

"దీనికి పథ్యం ఉందండి మామ్మగారూ. చీకటి పడకముందే తినెయ్యాలి. చేప, గుడ్డు తప్పకుండా పెట్టాలి. సాయంత్రం టీ లేదు, పొయ్యి సెగ తగలకూడదు. కాలవ గట్టు మీద నడవాలి."

"తప్పితే?"

"వికటిస్తుందండి."

మా ఇంట్లో మనిషి మాటకు విలువ లేదు గాని, పథ్యమంటే హడల్. ఆ సాయంత్రమే నానమ్మ పొయ్యి దగ్గరికి చేరింది. పెదనాన్న తన అన్నం తానే వడ్డించుకున్నారు.

గట్టు మీద నడుస్తూ అక్క పెద్దమ్మకు అసలు సంగతి చెప్పింది. ఈ వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ నిద్ర, తిండి లేకుండా, రోజంతా ఎవరేమంటారోనని బిక్కుబిక్కుమంటూ ఉంటే ఒళ్లు ఇంకా అదుపు తప్పుతుంది.

"అయితే పథ్యం అబద్ధమా?" అంది పెద్దమ్మ.

"బిళ్లకు అక్కర్లేదు పిన్నీ. నీకు కావాలి."

చెమటలు పూర్తిగా పోలేదు కానీ, ఆమెకు నిద్ర పట్టడం మొదలైంది. బిళ్లలు అయిపోయిన రోజున పెదనాన్న అక్కను గుమ్మంలోనే ఆపారు.

"మందు అయిపోయిందిగా అమ్మాయ్. ఇక పథ్యం ఎత్తేయొచ్చా?"

ఆమె ఎలా ఉందని అడగలేదు. నాకు చీదర పుట్టింది.

"మందు అయిపోయిందండీ. పథ్యం జీవితాంతం," అంది అక్క.

ఒక మనిషికి తిండీ నిద్రా దక్కడానికి బిళ్ల సాక్ష్యం చెప్పాల్సి వచ్చిందన్న అసహ్యం నన్నింకా వదల్లేదు. అందుకే ఇంట్లో ఎవరైనా అలసిపోయానంటే, ఎందుకని నేను అడగను. పక్క వేస్తాను.