పీర్ల పండుగ నాటి బాకీ

రసూల్ బీ గురించి అడిగితే బోయిగూడలో అందరూ ఆమె కొట్టిన దెబ్బ గురించే చెబుతారు. అది నేనూ చూశాను. దానికి ముందు ఆమె అడిగిన ప్రశ్నలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. నాకుంటాయి. వాటికి జవాబు తెలిసీ నోరు మూసుకున్న దద్దమ్మను నేనే కదా. నా పేరు జకర్యా. అప్పట్లో మిషన్ బడిలో పంతులును. ఆమె ఎదురింట్లో ఉండేవాణ్ని.

ఆమె, ఆమె భర్త ఫకీర్ దూదేకుల ముసల్మానులు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఫకీర్ భుజాన విల్లు వేసుకొని ఇంటింటికీ తిరిగి, పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి ఇచ్చేవాడు. పోలీస్ యాక్షన్ జరిగిన వారంలో బోయిన్‌పల్లి వైపు పనికి బయల్దేరాడు. వద్దంటే విన్నాడు కాదు. అక్కడి జనం దూరం నుంచి భుజాన ఉన్న విల్లు చూసి, రజాకారు ఆయుధమనుకున్నారట. ఆయుధమట! దూదేకే విల్లు! రాళ్లతో, గొడ్డళ్లతో చంపారు. పక్కింటి పర్వతాలు తన ఎడ్లబండిలో శవాన్నీ విల్లునూ తెచ్చాడు. ముఖం మిగల్లేదు. రసూల్ బీ పాదాలు చూసి గుర్తుపట్టింది.

వాళ్లలో భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అందుకని చుట్టుపక్కల వాళ్లమే పరుపులు మోసుకెళ్లి ఇస్తే, అదే విల్లుతో ఆమె ఏకిపెట్టేది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిన మర్నాడు జిలానీ వచ్చాడు. రెజిమెంటల్ బజార్‌లో వడ్డీలకు తిప్పే ఒక షావుకారు తరఫున బాకీలు వసూలు చేసే మనిషి. మొన్నమొన్నటి దాకా రజాకారు దుస్తుల్లో తిరిగి, ఇండియా పటాలాలు రాగానే వాటిని తగలబెట్టి షావుకారు పంచన చేరాడు. వెంట కర్ర పట్టుకున్న పొడుగువాడు ఒకడు. ఫకీర్ ఇల్లు తాకట్టు పెట్టి నాలుగు వందల నిజాం హాలీ రూపాయలు తీసుకున్నాడనీ, ఇప్పటికిప్పుడు కట్టకపోతే ఇల్లు రాసిచ్చి వేలిముద్ర వేయాలనీ అన్నాడు. వేయకపోతే, నీ మొగుడు రజాకారని మిలిటరీకి చెబుతానన్నాడు. ఆ మాట అనడానికి వాడికి సిగ్గూ శరం ఉండొద్దూ? గడప దాటలేని మనిషి దుకాణానికి పోయి ఆరా తీయలేదని లెక్క వేసుకునే వచ్చాడు.

రసూల్ బీకి ఇల్లు పోతుందన్న భయం ఉంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. బాకీ తీరకుండా పోయినవాడికి మట్టిలో నెమ్మది ఉండదని వాళ్ల నమ్మకం.

"నిజంగ తీసుకునుంటే ఇల్లమ్మి కడతా. ముందుగాల కాయితం చూపియ్యి" అంది.

పొడుగువాడు లోపలికి దూరి ఏకిన దూదిని వాకిట్లోకి విసిరి బూటుకాళ్లతో తొక్కాడు. నీళ్లకుండలు పగలగొట్టాడు. ఆమె జుట్టు పట్టి ఈడ్చి తలను గడపకేసి కొట్టాడు. నుదురు చిట్లి కళ్లలోకి నెత్తురు కారింది. ఆమె మళ్లీ కాగితమే అడిగింది. జిలానీకి విసుగొచ్చి, కాగితం తీసి, నన్ను పిలిచి చదవమన్నాడు.

ఉర్దూలో ఉంది. ఏనాడు తీసుకున్నాడని, సాక్షి ఎవరని ఆమె అడిగింది. పోయిన ఏటి పీర్ల పండుగ నాడు మధ్యాహ్నం, షావుకారు దుకాణంలో, పర్వతాలు ఎదుట అని చదివాను. మా దగ్గర తారీఖులు ఎవరికి గుర్తుంటాయి? ఏదైనా పీర్ల పండుగకు ముందో వెనకో అంటాం. అందరికీ గుర్తుండే రోజైతే ఎవరూ అనుమానించరని రాసినవాడి తెలివి. కానీ మా వాడలో పట్టుగుడ్డలు చుట్టిన పెద్ద పీరును భుజానికెత్తేది ఫకీరే. ఎత్తినవాడు తెల్లవారుజాము నుంచి, పొద్దుగూకి పీర్లను సాగనంపే దాకా దాన్ని దించడు, పైసా ముట్టడు. ఆ రోజంతా మా గుమ్మంలో నిలబడి ఫకీర్‌ను నేను చూశాను.

చూశానన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. కర్ర నా మెడ పక్కనే ఉంది. అంతే రాసుందని చెప్పి కాగితం తిరిగిచ్చేశాను. థూ, నా బతుకు!

పర్వతాలు బండి దగ్గర నుంచి వచ్చి, ఆ దుకాణం మెట్టు కూడా తాను ఎక్కలేదన్నాడు. రెండో మాట అనే లోపే కర్ర పడింది. మోచేతి దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కింద పడ్డవాణ్ని పొట్టలో తన్నారు. వీధిలో తలుపులన్నీ ధడాధడా మూసుకున్నాయి.

జిలానీ ఆమె ఎడమ చెయ్యి మెలిపెట్టి బొటనవేలికి సిరా రాశాడు. అప్పుడొక తలుపు తెరుచుకుంది. కూరగాయలమ్మే ముసలి ఎల్లమ్మ గోడ పట్టుకొని బయటికొచ్చింది. పీరెత్తినవాడి కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోయడం మా వాడ ఆడవాళ్ల మొక్కు, ఎవరి మతమేదైనా సరే.

"ఆనాడు పట్టపగలు ఫకీరు కాళ్ల మీద నీళ్లు వోసింది నేను. పీరు ఆయన భుజాన్నే ఉండె. మీ దుకాణానికి ఎట్లొచ్చిండ్రా?"

తానూ పోశానంటూ లచ్చమ్మ వచ్చింది. ఆ వెనక ఇంకొకామె. మూసుకున్న తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి.

రసూల్ బీ విల్లు నారి మీద కొట్టే కొయ్యగుండును కుడిచేత్తో అందుకొని జిలానీ మణికట్టు మీద దించింది. రోజుకు వేలసార్లు ఆ గుండును ఆడించిన చెయ్యి అది. ఎముక నుగ్గయింది. రెండో దెబ్బ దవడ మీద పడి పళ్లు రాలాయి. పొడుగువాడు కర్ర ఎత్తబోతే ఆడవాళ్లు రోకళ్లతో, పొయ్యికట్టెలతో మీద పడ్డారు. వాడు చస్తే చావనీ అనుకున్నాను. అబద్ధమెందుకు, నాకు పట్టరాని సంతోషమైంది. చివరికి రసూల్ బీయే ఆపింది. ఇద్దరూ నెత్తురు కక్కుకుంటూ దేక్కుంటూ పోయారు. జిలానీ చేతిలోంచి జారిన కాగితం ఆమె దగ్గరే ఉండిపోయింది.

అప్పుడామె గడప దాటి వీధి మధ్యకు వచ్చింది. ముసల్మానుల్లో శవాన్ని సాగనంపే ముందు, పోయినవాడు ఎవరికైనా బాకీ ఉన్నాడా అని అయినవాళ్లు అడుగుతారు. ఫకీర్‌ను పూడ్చిన రోజు కర్ఫ్యూ. నలుగురమే ఉన్నాం, ఎవరూ ఎవరినీ అడగలేదు.

"మా ఆయన మీల ఎవలికన్న బాకీ ఉన్నడా? ఉంటే గిప్పుడే చెప్పుండ్రి, కడతా."

విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్న పర్వతాలు లేడన్నాడు. ఎల్లమ్మ లేడంది. లచ్చమ్మా అదే మాట. ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ ఆమె నా ముందుకొచ్చి ఆగింది.

"నువ్వు సుత చెప్పు సారూ."

లేడమ్మా అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాలని నోరు తెరిచాను గానీ, ఆమె అప్పటికే పర్వతాలు చేతికి కట్టు కట్టడానికి తన చీర కొంగు చింపుతోంది.