దేవదానం వీసా కోసం నేను రాసిన ఉత్తరం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అంబాజీపేటలో కొబ్బరి పీచు మిల్లు నడుపుకొనే ఈ ముసలివాడి నాలుకకు ఒక రోగం ఉండేది, డాక్టర్లకు దొరికే రోగం కాదు, చిన్నదాన్ని పెద్దది చేసి చెప్పే రోగం, దానితో పోయినేడు ఒక మంచివాడి బతుకు పాడుచేయబోయాను!

ఆ మంచివాడు మా మిల్లు మెకానిక్ దేవదానం. కొబ్బరి పొట్టును ఇటుకలుగా నొక్కే యంత్రం మొరాయిస్తే చెవి ఆనించి విని తప్పెక్కడో చెప్పేస్తాడు. అలాంటి యంత్రాలు బిగించడానికి నెదర్లాండ్స్ కంపెనీ ఒకటి అతణ్ణి పిలిచి, వీసా పనిని హైదరాబాదులో కంపెనీల వీసాలే చూసే లాయర్ల ఆఫీసుకు అప్పగించింది. వాళ్ళు నన్నడిగింది ఒక్కటే, దేవదానం మా దగ్గర చేసిన పని గురించి ఒక ఉత్తరం.

రాశాను. మాకు రెండువందలమంది ఉద్యోగులనీ, నలభై శాఖలనీ, అందరిమీదా దేవదానం చీఫ్ ఇంజనీరనీ! నిజానికి ఉన్నది ఒక రేకుల షెడ్డు, పదకొండుమంది. మా పీచు తీసుకెళ్ళి ఇంటి దగ్గర తాడు పేనే ఆడవాళ్ళందరినీ ఉద్యోగుల్లో కలిపేశాను, వాళ్ళ వీధరుగులను శాఖలు చేశాను.

వారం తిరక్కుండానే లాయరమ్మ ఫోన్ చేసింది.

"సార్, శాఖల ఫొటోలు పంపండి. అబద్ధమని ఎంబసీలో తేలితే దేవదానం గారికి మళ్ళీ వీసా దొరకడం కష్టం."

పక్కనే ఉన్న దేవదానం స్పీకరులో అంతా విన్నాడు. "శాఖలేంటండీ బాబూ? తాడు పేనే సుగుణమ్మ గారి అరుగు కూడానా? అక్కడ మేకని కట్టేస్తారండీ!" అని నవ్వాడు, కానీ బిగిస్తున్న నట్టు వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు మూడు దినాలు ఉపవాసముండి ప్రార్థించాను సహోదరులారా! ఆగండి, దేవుని సన్నిధిలో నిలబడ్డాను కనుక సరిచేసుకుంటాను, ఒక్క పూటే, అందులోనూ టీ తాగాను. "ప్రభువా, నా అబద్ధాన్ని కప్పెయ్యి" అని మొదలుపెట్టి, ఛీ అనుకుని ఆపేశాను. "ప్రభువా, ఈ నోటిని కడుగు, అతని దారికి నేను అడ్డు కాకుండా చూడు" అని ఏడ్చాను.

లేచి ఫోన్ చేశాను. "అమ్మా, పదకొండుమందేనండి. శాఖలు లేవు. అతను ఇంజనీరూ కాదు. మా తడి పొట్టు ఇటుకగా కట్టుకోకపోతే ఆ నొక్కే యంత్రం విప్పి అచ్చు తనే మార్చేడు, అంతే."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా సార్! ఆ కంపెనీవాళ్ళకు కావలసింది ఇదే. అదృష్టం, ఆ ఉత్తరం ఇంకా పంపలేదు" అంది. అదృష్టమని ఆమె అంది, అది ఎవరి కాపుదలో నాకు తెలుసు, దేవునికే మహిమ!

కొత్త ఉత్తరం ఐదు వాక్యాలయింది. దేవదానానికి చదివి వినిపించాను. తల వంచుకుని విని, "ఆయ్, ఇది నేనేనండీ" అన్నాడు. రెండు నెలలకు వీసా వచ్చింది, స్తోత్రం!

మేలు చేస్తున్నాననుకుని పక్కవాడి కోసం అబద్ధమాడినవారు మీలో ఎవరైనా ఉంటే, ఆయనను నమ్మి ఇవాళే వెళ్ళి నిజం చెప్పేయండి. సిగ్గుపడతారు. నేనూ పడ్డాను. ఆ సిగ్గులో ఆయన నా చెయ్యి వదల్లేదు, మీదీ వదలడు. ఆమేన్.