శాంతవ్వ కాటుక భరిణె

తాండూరులో బండలు కోసే మిషన్ల వెనక వాడలో ఏ ఇంట్లో పురుడైనా పసిగుడ్డుకు నీళ్లు పోసేది జహీరాబీయే. కాళ్లు చాపి, పాపను వాటి మీద వేసుకుని నలుగు పెడితే ఎంత ఏడ్చే పాపైనా నిద్రలోకి జారాల్సిందే. మొగుడు పోయాక ఆమె ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ చేతుల వల్లే.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో ఆ చేతుల మీదే నింద పడింది. వరసగా ముగ్గురు పసికందుల కళ్లు వాచి చీము కారాయి. కాశమ్మ మనవడికైతే కన్ను దక్కుతుందో లేదో తెలియలేదు.

"నీ చేతులల్ల ఏమున్నదో నీకే ఎరుక. నా గడప తొక్కకు," అని కాశమ్మ గంగాళం లోపలికి లాక్కుంది.

"ముగ్గురికి నీళ్లు పోసింది నువ్వేనాయె. ఇంకెవల్ల పేరు జెప్పమంటవ్?" అని శాంతవ్వ వత్తాసు పలికింది. పిల్లాజెల్లా నిండుగా ఉన్న పెద్దముత్తైదువ ఆమె. పురుడు రోజున మొదటి కాటుక ఆమె భరిణెలోంచి, ఆమె వేలితోనే పెట్టించాలి. లేకపోతే తల్లుల మనసు కుదుటపడదు.

జహీరాబీని పిలిచే ఇల్లే లేకుండా పోయింది. ఆమె బస్సెక్కి వికారాబాదు వెళ్లి, ఆ ముగ్గురు పిల్లలకు వైద్యం చేస్తున్న డాక్టరమ్మ ముందు నిలబడింది.

"నా చేతులు జూడుండ్రి. తప్పు నాదైతే నాదే అనుండ్రి. కాకుంటే అది గూడ అందరి ముందట జెప్పుండ్రి."

డాక్టరమ్మ వాడకొచ్చి, పిల్లలను ముట్టుకున్న ఆడవాళ్లందరి చేతులూ దూదితో తుడిపించింది. శాంతవ్వ కాటుక పెట్టే వేలికి చాలా రోజులుగా గోరుచుట్టు ఉంది. దానికి గుడ్డపేలిక చుట్టుకుని, కాటుక పెట్టేటప్పుడు మాత్రం విప్పేది.

"నా చెయ్యి గూడనా? తుడుచుకో అమ్మా, కాటుకే వస్తది," అని నవ్వింది. భరిణె కూడా ముందుకు తోసింది.

ఆ తుడుపులన్నీ, భరిణెలోంచి తీసిన కాటుకతో, పిల్లల కంటి చీముతో పాటు, హైదరాబాదు ప్రయోగశాలకు వెళ్లాయి. మనుషుల వేలిముద్రల్లాగే క్రిముల డిఎన్‌ఏకూ ముద్ర ఉంటుందట. ఒకే క్రిమి ఒకరి నుంచి ఒకరికి పాకితే ఆ ముద్రలో గీతలు ఒకేలా వస్తాయట.

వానలు మొదలయ్యాక డాక్టరమ్మ కాశమ్మ వాకిట్లో అందరినీ కూర్చోబెట్టింది. "ముగ్గురు పిల్లల కళ్లలో, శాంతవ్వ గోరుచుట్టులో, భరిణెలో దొరికింది ఒకటే క్రిమి. జహీరాబీ చేతుల మీద ఉన్నది వేరేది."

"గీతలు జూసి నన్ను దొంగను జేస్తరా? గీ వాడంత నా కాటుకతోనే పెరిగింది," అని శాంతవ్వ కొంగు దోపుకుంది.

కాశమ్మ మనవడి కన్ను అప్పటికి తేరుకుంది. ఆమె గంగాళం బయట పెట్టి, "మనసుల పెట్టుకోకు జహీరా. జర పిలగానికి నీళ్లు పొయ్యి," అంది.

జహీరాబీ కూర్చోలేదు. "ముందుగాల గా భరిణె పొయ్యిల వడాలె."

"నా అత్త ఇచ్చిన భరిణె గది," అంది శాంతవ్వ.

కాశమ్మ శాంతవ్వ చేతిలోంచి దాన్ని లాక్కుని నిప్పుల్లోకి విసిరింది. అప్పుడు జహీరాబీ కాళ్లు చాపింది. శాంతవ్వ ఆమెను తిట్టుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ ఎన్నడూ ఆ ఇద్దరూ పలకరించుకోలేదు.