నీళ్ళకు వేరే దెబ్బ

మొన్నటి వానలకు రేగొండ పక్కన మా వాగు పొంగి ఇళ్ళు మునిగితే, బడిలో తలదాచుకున్న వాళ్ళను నిలబెట్టి ముందే ఎందుకు కదలలేదని ఒక అధికారి అడగడం టీవీలో చూసి నాకు ఒళ్ళు మండింది. డెబ్బై ఏళ్ళకు పైగా వింటున్నాను ఆ ప్రశ్న. అడిగినవాళ్ళు ఒక్కరూ జవాబు పూర్తయ్యేదాకా కూర్చోలేదు. నా ఈడు వాళ్ళు, మీరైనా వినండి.

సాయుధ పోరాటం నడిచే రోజులవి. మాది సంఘంలో చేరిన ఊరు కనుక దొర మనుషులు, పోలీసులు ఎప్పుడు మీద పడతారో తెలిసేది కాదు. అందుకని డప్పు కొట్టే తాత ఒకాయన గుట్టెక్కి కాపలా ఉండేవాడు. డప్పు మోగిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి వాగులోకి దిగి ఒడ్డు పొదల్లో దాక్కోవాలి. మాకది తిండి తిన్నంత అలవాటు. తొమ్మిదేళ్ళ నేను కళ్ళు మూసుకున్నా ఆ దారి తప్పేదాన్ని కాదు.

ఆ ఏడు ముసురు పట్టి వారమైనా వదల్లేదు. ఒక మధ్యాహ్నం పై ఊరి చెరువు కట్ట తెగడం తాత గుట్ట మీది నుంచి చూశాడు. ఆయన చేతిలో ఉన్నది డప్పే, మాకు తెలిసింది ఆ ఒక్క దెబ్బే. కొట్టాడు. ఊరంతా వాగు దారి పట్టింది. ఎందుకు దిగుతున్నారని తాత గొంతు చించుకున్నాడట, ఆ వానలో ఎవరికి వినబడుతుంది? అమ్మ నా రెక్క పట్టుకొని ఇంకా గట్టు మీదే ఉండగా చెరువు నీళ్ళు వాగులోకి ఉరికొచ్చాయి. జొన్నల మూట నెత్తిన పెట్టుకొని ముందు దిగిన అక్క మళ్ళీ కనిపించలేదు.

తాత గుట్టెక్కడం మానేశాడు, డప్పు అటకెక్కింది. ఊళ్ళో కొందరు ఆయన్ను తిట్టారు. నేనూ లోలోపల తిట్టుకున్నాను, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. నెల రోజులు అమ్మ పొద్దస్తమానం వాగువైపే చూసేది. మళ్ళీ మబ్బు పట్టిన రోజు నన్ను వెంటబెట్టుకొని తాత ఇంటికి పోయింది.

"మామా, నీళ్ళకు వేరే దెబ్బ కట్టు. గిట్ల ఇంకో పిల్ల పోవద్దు," అంది.

"చెయ్యి లేస్తలేదు బిడ్డా," అన్నాడు తాత.

"లేసేదాంక గీడనే కూసుంట."

అన్నట్టే కూర్చుంది. చాలాసేపటికి తాత డప్పు దించి మంటకు కాచాడు. రెండు ఆగి ఆగి, మూడు గబగబా. అది వినబడితే గుట్టెక్కాలి. అమ్మ ఇల్లిల్లూ తిరిగి, చేట తిరగేసి కొట్టి మరీ నేర్పింది. తర్వాతి ఏళ్ళలో రెండుసార్లు ఆ దెబ్బ మోగింది, రెండుసార్లూ అందరం గుట్ట మీద తడుస్తూ ఒకరినొకరు లెక్కపెట్టుకున్నాం. ఒక్కరూ తగ్గలేదు.

ఇప్పుడా దెబ్బ ఊళ్ళో ఎవరికీ రాదు. నేర్పుతానంటే మా పిల్లలకు వినే తీరిక లేదు. మబ్బు పట్టినప్పుడల్లా నా వేళ్ళు వాటంతటవే మంచం పట్టె మీద కొడుతుంటాయి, రెండు ఆగి ఆగి, మూడు గబగబా. అవ్వకు చెయ్యి వణుకుతున్నదని, వచ్చే వారం దవాఖానకు తీసుకుపోతామంటున్నారు.