జపాన్ తాతయ్య సినిమా చరిత్ర, నేను చెప్పినంత

నా చిన్నప్పుడు, అంటే మేము అమెరికా వచ్చి ఫ్రీమాంట్‌లో దిగిన కొత్తల్లో, నా నోరు ఇంట్లో ఉండేది గానీ నాతోపాటు బడికి వచ్చేది కాదు. ఇంట్లో నేను మొదలుపెడితే ఫ్రిజ్ కూడా మోత ఆపి వినేదని మా అమ్మ అనేది. బడిలో మాత్రం టీచర్ పేరడిగినా పెదవులకు జిగురు పూసినట్టు ఉండేది. నాలుగో తరగతి మధ్యలో చేరిన దాన్ని, వేసవి సెలవులు దగ్గర పడుతున్నా ఒక్క మాట పలకలేదు. క్లాసులో గోడ గడియారం నాకంటే వాగుడుకాయ.

టీచర్ మంచావిడ. మా నాన్నను పిలిపించి, ఇంట్లో బాగా మాట్లాడుతుందంటున్నారు కదా, ఐదు నిమిషాలు ఇంగ్లీషులో ఏదో ఒకటి మాట్లాడించి, వీడియో తీసి సోమవారం పంపండి అంది. అదీ కుదరకపోతే వచ్చే ఏడాది కూడా ఇదే తరగతిలో ఉంచాల్సి వస్తుందని మెల్లగా చెప్పింది. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు పైతరగతికి వెళ్లిపోతుంది, నేనేమో చిన్నపిల్లల మధ్య కొబ్బరిచెట్టులా నిలబడాలి. ఆ రాత్రి అన్నం సహించలేదు. నాకు అన్నం సహించకపోవడం మా వంశంలో గ్రహణం పట్టినంత వార్త.

మా నాన్న సాఫ్ట్‌వేర్ మనిషి. వాయు కాలుష్యం మీద రెండు పేజీల వ్యాసం రాసి బట్టీ పట్టమన్నాడు. వాయు కాలుష్యమే ఎందుకంటే, ఏడో తరగతిలో ఆయనకు వక్తృత్వపు పోటీలో బహుమతి తెచ్చిపెట్టింది అదే. శనివారం పొద్దున్నే అమ్మ నాకు పట్టుపరికిణీ కట్టి, దిష్టిచుక్క పెట్టి, సోఫా మీద కొత్త దుప్పటి పరిచింది. నాన్న హ్యాండీకామ్ తీసి, దేవుడి పటం దగ్గర మొదలెట్టి, జూమ్ చేసుకుంటూ వచ్చి నా ముక్కు రంధ్రాల్లోకి దిగాడు.

"లౌడ్‌గా చెప్పమ్మా! స్మైల్! ఊఁ... రెస్పెక్టెడ్ టీచర్..."

కెమెరా ముందు ఆవగింజంత ఎర్ర లైటు వెలిగింది. నా కంటికది రైలు ఇంజను దీపంలా మీదికొచ్చింది. నోరు మూతపడింది. అమ్మ కెమెరా వెనక నిలబడి పెదవులు కదుపుతూ వ్యాసమంతా తనే అప్పజెప్పేసింది. నేను మాత్రం ఆమె పెదవులనే చూస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నానికి క్యాసెట్టంతా నా మౌనంతో నిండిపోయింది. "ఫెయిల్ చేస్తారే నిన్ను, అర్థమవుతోందా?" అని నాన్న గొంతు లేచింది. నేను ఏడ్చాను. అది మాత్రం లౌడ్‌గానే వచ్చింది.

ఆ ఏడుపు విని కింది వాటాలోని జపాన్ తాతయ్య పైకొచ్చాడు. ఆయన కూతురింట్లో ఉండేవాడు, తన దేశంలో సినిమాలకు దర్శకుడు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని నాకు తన సినిమాల సంగతులు చెప్పేవాడు. ఇంగ్లీషు మా ఇద్దరికీ సమానంగా రాదు కాబట్టి ఆయన దగ్గర నాకు సిగ్గుండేది కాదు.

నాన్న ఆయనకు గోడు వెళ్లబోసుకున్నాడు. "మండే పంపాలి సార్. ఎంత ట్రై చేసినా నోరు తెరవట్లేదు." తాతయ్య తలాడించి, కెమెరాను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, కొత్త క్యాసెట్టు అడిగి పెట్టుకుని, ఈరోజుకి షూటింగ్ అయిపోయిందని చెప్పి దాన్ని పుస్తకాల అర మీద పెట్టేశాడు. అమ్మ టీ ఇచ్చి, ఆయన బల్ల మీంచి తీసిచ్చిన ఆపిల్ పండును ముక్కలు కోసింది. నా ప్రాణం లేచొచ్చింది.

నాన్న మర్యాదకు, "మీరు చాలా పెద్ద పెద్ద సినిమాలు తీశారట కదా, మా అమ్మాయి చెబుతుంటుంది" అన్నాడు.

"లేదు లేదు" అన్నాడు తాతయ్య. "చిన్న సినిమాలు. బళ్లలో వేసేవి. పళ్లు తోముకోవడం, రోడ్డు దాటడం."

"మరి ఆ గుర్రాల సినిమా?"

"గుర్రాలు లేవు. ఒక గాడిద."

నాలో ఏదో తెగింది. "నో నాన్నా! హీ ఈజ్ నాట్ టెల్లింగ్ కరెక్ట్!" అని లేచి నిలబడ్డాను. ఇక ఆగలేదు. టీలు మోసే కుర్రాడిగా స్టూడియోలో చేరిన దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. వెదురుతోపులో గాలి ఆడకపోతే ఊరు ఊరంతా విసనకర్రలతో వచ్చి విసిరిందన్నాను. వంద గుర్రాలు ఈయన ఒక్క దగ్గు దగ్గితే బారుగా ఆగేవన్నాను. హీరోయిన్‌కు ఏడుపు రాకపోతే కెమెరా పక్కన ఈయనే ముందు ఏడ్చి చూపించాడన్నాను. ఆఖరి సీను చూసి జనం ఏడ్చిన ఏడుపుకి థియేటర్లో చెప్పులు తేలాయని నేనే ఒకటి కలిపాను. అంతా ఇంగ్లీషే. వ్యాకరణం ఆ దరిదాపుల్లో ఉంటే ఒట్టు. తాతయ్య అడ్డం వచ్చి "కాదు, గాడిదే" అన్నప్పుడల్లా నేను ఇంకో మెట్టు పైకి లేచేదాన్ని.

నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు ఆయన లేచి, పుస్తకాల అర దగ్గరికెళ్లి, కెమెరా ఎర్ర లైటు మీద అంటించిన ఆపిల్ పండు స్టిక్కర్‌ను గోటితో ఊడదీశాడు. "కట్" అన్నాడు. నాన్న టీ కప్పు గాల్లోనే ఉండిపోయింది.

నేను ఐదో తరగతికి వెళ్లాను. టీచర్ ఆ వీడియో రెండుసార్లు చూసి, ఇంత గొప్ప దర్శకుడి సినిమాలు ఎక్కడ దొరుకుతాయని అడిగిందట.

అది నాకూ కొన్నేళ్లకు గానీ తెలియలేదు. ఆయన పోయాక ఆయన కూతురు, కింది వాటా ఆంటీ, ఒకరోజు మమ్మల్ని పిలిచి ఆయన తీసిన సినిమాలు వేసి చూపించింది. పళ్లు తోముకునే పిల్లల సినిమా. తరవాత రోడ్డు దాటే సినిమా, అందులో ఒక గాడిద. మరి గుర్రాలో అని అడిగాను. "అవన్నీ నాన్న తీయాలనుకున్నవి, డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు" అంది ఆంటీ. ఆ రోజు మా హాల్లో ఆయన చెప్పినదంతా నిజమే. ఒక పిల్ల నోరు విప్పడానికి తన జీవితాన్ని ఉన్నది ఉన్నట్టుగా బయట పెట్టేసుకుని, అది అబద్ధమని నేను కేకలు వేస్తుంటే చిరునవ్వుతో విన్నాడు.

అప్పుడు పళ్లు తోముకునే సినిమా మళ్లీ వేయించుకుని తెరవైపు చూశాను. మోచేతుల దాకా నురగ, ఒకరి మీద ఒకరు ఉమ్ముకుంటూ నవ్వులు. ఆ గుంపులో ఒక్క పిల్లైనా కెమెరా వైపు చూడలేదు. వంద గుర్రాలను ఆపడం ఎవరికైనా చేతనవుతుంది గానీ, ఇది సాధించడం మామూలు మాటా!

ఇప్పుడు నా ఎదుట ఏ పిల్లైనా గొంతు పెగలక నిలబడితే, లౌడ్‌గా చెప్పమని నేను అనను. ఆ పిల్లకు ప్రాణమైన మనిషెవరో కనుక్కుని, ఆ మనిషిని ఓ పిసరు తక్కువ చేసి మాట్లాడి, చెవి అటు పడేసి కూర్చుంటాను. ఇక జపాన్ తాతయ్య తీసినవేవి, తీయాలనుకున్నవేవి అని ఎవరైనా లెక్కలు అడిగితే, నేను రెండూ కలిపే చెబుతాను, గొంతెత్తి.